డాక్టరు చీటీ లేని టీఎంటీ

మా సెంటరుకు టీఎంటీ (ట్రెడ్‌మిల్ బెల్టు మీద నడిపిస్తూ ఈసీజీ తీసే గుండె పరీక్ష) కోసం వచ్చేవాళ్లలో డాక్టరు చీటీ తెచ్చేవాళ్లు తగ్గిపోయారు, ఫోనులో కూపను చూపించేవాళ్లు పెరిగారు. పెళ్లిరోజుకు పిల్లలు అమెరికా నుంచి బుక్ చేసిన ప్యాకేజీ, ఆఫీసువాళ్లు ఏటా చేయించే చెకప్, అపార్టుమెంటు సంఘం మాట్లాడిపెట్టిన తగ్గింపు ధర, దసరా ఆఫరు. ఈసీజీ, 2డి ఎకో, టీఎంటీ మూడింటికీ కలిపి ఒకటే బిల్లు. అమీర్‌పేటలో దిగినా, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగినా, కూకట్‌పల్లిలో దిగినా మెట్రో మెట్ల కింద ఈ మూడు పేర్లూ ఉన్న బోర్డు ఒకటి కనిపిస్తుంది.

అలాంటి ఒక డయాగ్నస్టిక్ సెంటరులో నేను కార్డియాలజీ టెక్నీషియన్‌ని. ఛాతీ మీద ఎలక్ట్రోడ్లు అంటించేది, బెల్టు మీద నడిపించేది, నడుస్తుండగా బీపీ చూసేది నేను. పరీక్షను పర్యవేక్షించి రిపోర్టు మీద సంతకం పెట్టేది డాక్టరు గారు. ఈ పనిలో ఉంటూనే చెబుతున్నాను: ఒంట్లో ఏ ఇబ్బందీ లేని మనిషికి ప్యాకేజీలో భాగంగా టీఎంటీ చేయడం మానాలి. ఇబ్బంది ఉన్న మనిషి ప్యాకేజీ తేదీ కోసం ఆగడం అంతకంటే ముందు మానాలి.

చేసే పనికే ఎసరు పెట్టుకునే మాట ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగారు. ఈ పరీక్ష మీద నాకు గౌరవం ఉంది. సరైన మనిషికి సరైన సమయంలో చేస్తే ఇది చాలా చెబుతుంది. అలా వాడుకోవడం తగ్గిపోయి, ఇది తాంబూలంలో పెట్టి ఇచ్చే వస్తువు అయిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

ట్రెడ్‌మిల్ మీద మేం వెతికేది ఏమిటో ముందు చెప్పాలి. కూర్చున్నప్పుడు గుండె కండరానికి కావలసిన రక్తం తక్కువ. ఆ రక్తం తెచ్చే కొరోనరీ ధమని సగానికి పైగా పూడుకుపోయినా ఆ కొంచెం రక్తం వెళ్లిపోతూనే ఉంటుంది, మనిషికి ఏమీ తెలియదు. మధ్యాహ్నం వేళ అపార్టుమెంటులో ఒక్కరు కుళాయి తిప్పితే పై అంతస్తులోనూ ధార బాగానే వస్తుంది. పైపులో ఎంత పాచి పట్టిందో పొద్దున్న ఏడింటికి అన్ని ఇళ్లవాళ్లూ ఒకేసారి తిప్పినప్పుడు బయటపడుతుంది. టీఎంటీ గదిలో మేం చేసేది గుండె చేత ఎక్కువ రక్తం అడిగించడం. అడిగినంత రక్తం అందకపోతే ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం కిందికి జారుతుంది. అది ఒక మిల్లీమీటరుకు తగ్గకుండా, అడ్డంగా గానీ ఇంకా దిగుతూ గానీ జారితే పాజిటివ్ అంటాం.

1929లో న్యూయార్కు వైద్యుడు ఆర్థర్ మాస్టర్ రోగుల చేత రెండు మెట్లు ఎక్కించి దింపి నాడి, బీపీ చూసేవారు. సియాటిల్‌లో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ 1963లో ప్రచురించిన ట్రెడ్‌మిల్ పద్ధతినే ఈ రోజుకీ హైదరాబాదులో దాదాపు ప్రతి సెంటరూ వాడుతోంది. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం ఎత్తు. తర్వాతి మూడు నిమిషాలు 4 కిలోమీటర్లు, 12 శాతం. ఆ తర్వాత 5.5 కిలోమీటర్లు, 14 శాతం. కేబీఆర్ పార్కులో రోజూ నడిచేవాళ్లు కూడా మూడో దశకు వచ్చేసరికి మాట్లాడడం ఆపేస్తారు. 220లోంచి వయసు తీసేసి, మిగిలినదాంట్లో 85 శాతానికి గుండె వేగం చేరాలన్నది మా లెక్క. 50 ఏళ్ల మనిషికి అది నిమిషానికి సుమారు 145.

ఇక్కడే మొదటి చిక్కు. నాళం 70 శాతం దాకా ఇరుకైతే తప్ప సాధారణంగా ఈ కొరత కనిపించదు. చాలా గుండెపోట్లు వచ్చేది అంతగా ఇరుకు చేయని పూడికల వల్ల. 40 శాతమో 50 శాతమో ఉన్న మెత్తటి కొవ్వు పూడిక మీది పొర ఒక రోజు చిట్లుతుంది. దాని మీద రక్తం గడ్డకడుతుంది, నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. ముందురోజు అదే మనిషి బెల్టు మీద పన్నెండు నిమిషాలు నడిచి ఉండవచ్చు. అమెరికా టీవీ పాత్రికేయుడు టిమ్ రసర్ట్ 2008 జూన్ 13న తన 58వ ఏట ఆఫీసులోనే కుప్పకూలి చనిపోయారు. ఆయనకు కొరోనరీ వ్యాధి ఉందని ముందే తెలుసు, మందులు వాడుతున్నారు. అదే సంవత్సరం ఏప్రిల్ 29న చేసిన స్ట్రెస్ టెస్టు బాగానే ఉందని వచ్చింది. ఆ పరీక్ష ఆ రోజు తప్పు చెప్పిందని నేననుకోవడం లేదు. రక్తం సరిపోతోందా అని అడిగితే సరిపోతోందని చెప్పింది. రేపు ఏ పూడిక చిట్లుతుందో దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా అది చెప్పగలిగేది కాదు.

అయినా మా గదిలోంచి ‘నెగెటివ్’ అన్న కాగితం పట్టుకుని వెళ్లే మనిషి ముఖం చూస్తే నాకు భయం వేస్తుంది. సిగరెట్టు మానమని భార్య ఏడాదిగా పోరుతుంటే, ఈ కాగితం ఆమె ముందు పెట్టి నోరు మూయించే మనుషులున్నారు. షుగర్ మాత్రలు ఆపేసి, ‘గుండె క్లీన్’ అని బంధువులకు ఫోను చేసి చెప్పినవాళ్లున్నారు. ఆ ఫోను మా గది బయట బెంచీ మీద కూర్చునే చేస్తారు, నాకు వినిపిస్తుంది.

రెండో చిక్కు లెక్కలది. కాస్త ఓపిక పట్టి చదవాలి, ఎందుకంటే నా వాదనంతా దీని మీదే నిలబడి ఉంది. అప్పటికి వచ్చిన 147 అధ్యయనాలను కలిపి 1989లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, నిజంగా పెద్ద పూడిక ఉన్న 100 మందిలో టీఎంటీ పట్టుకునేది సగటున 68 మందిని. పూడిక లేని 100 మందిలో సరిగ్గా లేదని చెప్పేది 77 మందికి.

ఇప్పుడు మాదాపూర్‌లో ఒక కంపెనీ ఏ బాధా లేని 1,000 మంది యువ ఉద్యోగులకు టీఎంటీ చేయించిందనుకుందాం. వాళ్లలో 20 మందికి నిజంగా పెద్ద పూడిక ఉందనుకుందాం. ఆ 20 మందిలో 14 మంది దొరుకుతారు, ఆరుగురు నెగెటివ్ కాగితంతో ఇంటికి వెళ్తారు. మిగిలిన 980 మంది ఆరోగ్యవంతుల్లో 225 మందికి ‘పాజిటివ్’ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 239 మందిలో నిజమైన జబ్బు ఉన్నది 14 మందికి. మిగతా 225 మంది ఆ రాత్రి నిద్రపోరు. పిల్లల చదువుల లెక్కలు, ఇంటి అప్పు లెక్కలు వేసుకుంటారు. కొందరు చేతి నాళంలోంచి గుండె దాకా గొట్టం పంపించి చేసే యాంజియోగ్రాం దాకా వెళ్తారు. అరుదుగానైనా ఆ ప్రక్రియకు దాని ప్రమాదాలు ఉన్నాయి.

అదే లెక్క ఇంకో గుంపుకు వేద్దాం. 60 ఏళ్లు దాటినవాళ్లు, షుగర్ ఉంది, పొగాకు అలవాటు ఉంది, మెట్లెక్కితే ఛాతీ పట్టేసి ఆగితే తగ్గుతోంది. ఇలాంటి 1,000 మందిలో 700 మందికి పూడిక ఉందనుకుంటే 476 మంది దొరుకుతారు. లేని 300 మందిలో 69 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చినవాళ్లలో నూటికి 87 మందికి జబ్బు నిజమే. ఇక్కడ పరీక్ష గట్టిగా పనిచేసింది. కానీ నెగెటివ్ వైపు చూడండి. నెగెటివ్ వచ్చిన 455 మందిలో 224 మందికి, అంటే దాదాపు సగం మందికి, జబ్బు ఉంది. అంత స్పష్టమైన లక్షణాలున్న మనిషికి ‘టీఎంటీ నార్మల్ వచ్చింది కదా’ అని ధైర్యం చెప్పి పంపడం ఎంత ప్రమాదమో ఇంతకంటే వివరించక్కర్లేదు.

యంత్రం ఒకటే, బెల్టు ఒకటే, గీత ఒకటే. కాగితం మీద మాటకు విలువ ఎంతో తేల్చేది ఆ మనిషి గదిలోకి రాకముందు చెప్పిన కథ. 1979లో డైమండ్, ఫారెస్టర్ అనే ఇద్దరు వైద్యులు వయసు, స్త్రీ పురుష భేదం, నొప్పి తీరు చూసి పరీక్షకు ముందే జబ్బు ఉండే అవకాశాన్ని అంచనా కట్టే పట్టికలు ఇచ్చారు. అప్పటి నుంచీ ఇది వైద్యవిద్యలో పాఠమే. కూపను అమ్మే చోట మాత్రం ఈ పాఠానికి చోటు లేదు. బిల్లింగు కౌంటరులో అడిగేది పేరు, వయసు, ఫోను నంబరు.

మంచి డాక్టరు అడిగేది వేరు. నొప్పి ఎక్కడ? వేలితో చూపించగలరా, అరచేతితో చూపిస్తారా? నడిస్తే వస్తుందా, ఆగితే పోతుందా? విలియం హెబర్డెన్ అనే ఇంగ్లండు వైద్యుడు 18వ శతాబ్దంలోనే ఈ నొప్పిని వర్ణించారు: నడుస్తుండగా, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు, భోజనం చేసిన కాసేపటికి నడిచినప్పుడు ఛాతీ పట్టేస్తుంది, నిలబడితే పోతుంది. ఆయన దగ్గర ఈసీజీ లేదు. నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరం ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగవలసి వస్తోందని, పోయిన ఏడాది అలా లేదని ఒక పెద్దావిడ చెబితే, ఆ ఒక్క మాటలో మా యంత్రం ఇచ్చే ఎన్నో కాగితాల కంటే ఎక్కువ సమాచారం ఉంది.

ఆడవాళ్ల గురించి విడిగా చెప్పాలి. 1999లో వచ్చిన మరో సమీక్షలో మహిళలకు ఇందాకటి 68, 77 లెక్కలు ఇంకా దిగి 61, 70 దగ్గర ఉన్నాయి. మా గదిలో దానికి ఇంకొన్ని తోడవుతాయి. ప్యాకేజీ బుక్ చేసిన కొడుకు చెప్పి ఉండడు కాబట్టి ఆవిడ పట్టుచీరలో, చెప్పులతో వస్తుంది. “అమ్మా, చీరతో బెల్టు ఎక్కకూడదు, కుచ్చిళ్లు కాలికి అడ్డం పడతాయి” అని చెప్పి మా దగ్గరున్న వదులు ప్యాంటు, చొక్కా ఇస్తాం. ఉత్త కాళ్లతో నడవడం అలవాటు లేక, మోకాళ్ల నొప్పికి భయపడి ముందున్న కడ్డీని రెండు చేతులా బిగించి పట్టుకుంటుంది. కడ్డీ మీద బరువు వేస్తే కాళ్ల పని తగ్గుతుంది, గుండె పని తగ్గుతుంది. తెర మీద మాత్రం దశలు మారిపోతుంటాయి. “చేతులు ఊరికే ఆనించండమ్మా, పట్టుకోకండి” అని నేను చెబుతూనే ఉంటాను. నాలుగో నిమిషంలో ఆయాసంతో ఆపమంటుంది. గుండె వేగం 85 శాతానికి చేరలేదు. ఇలాంటి పరీక్ష అటూ ఇటూ తేలనిది. రిపోర్టులో ఆ మాట రాస్తారు కూడా. ఇంటికి వెళ్లాక కుటుంబం చదివేది మాత్రం ‘మార్పులేమీ కనిపించలేదు’ అన్న ఒక్క వాక్యమే. అసలు ఆవిడ ఇబ్బంది ఆయాసమే అయివుండవచ్చు. గుండె జబ్బు ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో చాలాసార్లు ఛాతీ నొప్పిగా కాక ఆయాసంగా, విపరీతమైన నీరసంగా, దవడలోనో వీపులోనో లాగినట్టుగా కనిపిస్తుంది. ఆ మాట ఆవిడను ఎవరూ అడగలేదు.

నడవలేనివాళ్లకు, బెల్టు సరిపోనివాళ్లకు వేరే దారులున్నాయి. ఈసీజీలో ఎడమ వైపు బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె విద్యుత్ సంకేతానికి ఎడమ వైపు దారిలో అడ్డంకి) ఉన్నవాళ్లకు మా గీత పనికిరాదు, ఎస్‌టీ ముందే మారిపోయి ఉంటుంది. అలాంటివాళ్లకు డోబుటమైన్ మందు ఎక్కించి గుండె వేగం పెంచి, ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండులో, గుండె గోడలో ఏ భాగం కదలిక తగ్గుతోందో చూడవచ్చు. దాంట్లో రేడియేషన్ ఉండదు, చూసే కన్ను మాత్రం అనుభవం ఉన్నది కావాలి. న్యూక్లియర్ స్కాన్ ఉంది. థాలియం స్కాన్ అనే పేరు మన దగ్గర నిలిచిపోయింది గానీ ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం. దాని శక్తి ఆరు గంటలకు సగమవుతుంది, అందుకే చెప్పిన వేళకు రావాలని అంత గట్టిగా చెబుతారు. విశ్రాంతిలో ఒకసారి, శ్రమలో ఒకసారి తీసిన బొమ్మలు పక్కపక్కన పెడితే కండరంలో ఏ భాగానికి రక్తం అందడం లేదో తెలుస్తుంది. రేడియేషన్ సుమారు 10 మిల్లీసీవర్టులు. ఎంఆర్‌ఐలోనూ ఇలా చూడవచ్చు. ఇవేవీ దసరా ఆఫరులో పెట్టవలసినవి కావు.

ఎకో గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దీని మీద అపోహ అన్నిటికంటే పెద్దది. ‘2డి ఎకో తీయించాం, బ్లాకులు లేవన్నారు’ అని ఎంతమంది చెబుతారో. విశ్రాంతిలో తీసే ఎకో గుండె కండరం ఎలా ముడుచుకుంటోందో, కవాటాలు ఎలా ఉన్నాయో చూపిస్తుంది. కొరోనరీ నాళాల్లో పూడికలు అందులో కనిపించవు. ఇంకో వైపు భయం కూడా దీనితోనే. రిపోర్టులో ఈఎఫ్ 60 శాతం అని చూసి, గుండె 40 శాతం చెడిపోయిందనుకుని మా కౌంటరు దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను నేను సముదాయించాను. గుండె ఒక్కో దెబ్బకు తనలో ఉన్న రక్తమంతా బయటికి నెట్టదు. ఆ నెట్టే వంతే ఈఎఫ్, 55 నుంచి 70 శాతం నెడితే అది చక్కగా పనిచేస్తున్నట్టు. అలాగే ‘గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్’ (గుండె కండరం సడలడంలో కొద్ది తేడా) అనే ముక్క నడివయసు దాటిన చాలామంది రిపోర్టుల్లో ఉంటుంది. బీపీ అదుపులో పెట్టుకోమని చెప్పడానికి అది చాలు, రాత్రంతా ఇంటర్నెట్ వెతకడానికి కాదు. అడిగి చెప్పేవాళ్లు లేకుండా రిపోర్టు వాట్సాప్‌లో పంపేస్తే జరిగేది ఇదే.

మరి సీటీ? ఈ మధ్య కరపత్రాల్లో సీటీ కొరోనరీ యాంజియో, కాల్షియం స్కోరు (గుండె నాళాల్లో గట్టిపడిన పూడికను సీటీలో కొలిచే లెక్క) కూడా చేరాయి. టీఎంటీ చూడలేని పూడికను సీటీ చూస్తుంది, అది నిజం. స్కాట్లండులో ఛాతీ నొప్పితో క్లినిక్కుకు వచ్చిన 4,146 మంది మీద జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనం ఐదేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి. మామూలు పరీక్షలకు సీటీ కలిపినవాళ్లలో గుండెపోటు గానీ గుండె జబ్బుతో మరణం గానీ 2.3 శాతం. కలపనివాళ్లలో 3.9 శాతం. ఐదేళ్లు గడిచేసరికి రెండు వైపులా స్టెంట్లు, బైపాసులు దాదాపు సమానమే. బొమ్మలో పూడిక కనిపించినవాళ్లకు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, ఆస్పిరిన్ లాంటి మందులు ఎక్కువగా మొదలుపెట్టడమే ఈ తేడాకు ముఖ్య కారణమని చెప్పారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2010లోనే, కొరోనరీ వ్యాధి ఉందని ముందే తేలనివాళ్లలో యాంజైనా (శ్రమపడితే వచ్చే గుండె నొప్పి) నిర్ధారణకు టీఎంటీ వాడవద్దని చెప్పి, 2016లో సీటీని ముందు పెట్టింది. సీటీ అందుబాటులో ఉన్న చోట అది సబబే. మన జిల్లా కేంద్రాల్లో డాక్టరు చేతికి అందేది ఇంకా టీఎంటీయే అయిన చోట్లు చాలా ఉన్నాయి, అక్కడ దాన్ని తీసిపారేయమని నేననను.

కానీ ఆ 4,146 మందీ ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లు. కరపత్రం చూసి వచ్చినవాళ్లు కాదు. సీటీకి అయోడిన్ ఉన్న మందు నరంలోకి ఎక్కించాలి, కిడ్నీ పనితీరు చూసుకోవాలి. గుండె వేగం 60 దగ్గరకు రావడానికి బీటా బ్లాకర్ ఇస్తారు. కొన్ని మిల్లీసీవర్టుల రేడియేషన్ ఉంటుంది. కాల్షియం స్కోరుకు మందు అక్కర్లేదు, రేడియేషన్ ఒక మిల్లీసీవర్టు దగ్గర. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ బృందం ఇచ్చిన ఈ లెక్క, స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరు ఊగిసలాడుతున్న నడివయసు మనిషికి బాగా పనికొస్తుంది. అది చూసేది గట్టిపడిన పూడికనే. 35 ఏళ్ల పొగతాగే కుర్రవాడికి సున్నా వచ్చిందని సంబరపడడానికి లేదు, అతని పూడిక ఇంకా మెత్తగా ఉండవచ్చు.

పూడిక కనిపించగానే స్టెంటు వేయించేద్దామనే తొందర మన ఇళ్లలో ఎక్కువ. స్టెంటు మీద హైదరాబాదుకు సొంత గర్వం ఉంది. 1990లలో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంటు తయారు చేయించింది ఇక్కడే. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటు ధరకు 29,600 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టడంతో అది మధ్యతరగతికి ఇంకా దగ్గరైంది. గుండెపోటు వచ్చిన గంటల్లో స్టెంటు ప్రాణం నిలబెడుతుంది, దానికి చేయెత్తి మొక్కాలి. నిలకడగా ఉన్న జబ్బు మాట వేరు. 2007లో కరేజ్ అధ్యయనం 2,287 మందిలో, 2020లో ఇస్కీమియా అధ్యయనం 5,179 మందిలో చూశాయి. మంచి మందులకు తోడుగా ముందుగానే స్టెంటు గానీ బైపాసు గానీ చేయించినా, మందులతోనే మొదలుపెట్టిన వాళ్లకంటే మరణాలు, గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదు. నొప్పి ఉన్నవాళ్లకు నొప్పి తగ్గింది, అది చిన్న లాభం కాదు. ఎడమ ప్రధాన నాళం పూడికలు ఈ లెక్కలోకి రావని కూడా చెప్పాలి. ఏ నొప్పీ లేని మనిషిని ప్యాకేజీ టీఎంటీతో మొదలుపెట్టి స్టెంటు దాకా నడిపించే ఈ దారి వల్ల అతనికి ఏం ఒరిగిందో ప్రతి మెట్టు దగ్గరా అడగాలి.

‘మన వాళ్లకు చిన్న వయసులోనే వస్తోంది కదా, ముందే చూసుకుంటే తప్పేమిటి?’ అని అడుగుతారు. ఈ భయాన్ని నేను చులకన చేయను. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకు, 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతంరెడ్డి 50 ఏళ్లకు వెళ్లిపోయినప్పుడు మా సెంటరు ఫోను ఆగకుండా మోగింది. చిన్న వయసు మాట నిజమే. 52 దేశాల్లో జరిగి 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం వివరాల ప్రకారం దక్షిణాసియా వాళ్లలో మొదటి గుండెపోటు మధ్యస్థ వయసు 53, ఇతరులకంటే ఐదారేళ్లు ముందు. అదే అధ్యయనం ఇంకో మాట చెప్పింది: గుండెపోటు ముప్పులో సుమారు 90 శాతం తొమ్మిది అంశాల్లో ఉంది. పొగాకు, కొలెస్టరాల్, బీపీ, షుగర్, పొట్ట చుట్టుకొలత, కూరగాయలూ పళ్లూ, వ్యాయామం, మద్యం, మానసిక ఒత్తిడి. వీటిని చూడడానికి టీఎంటీ అక్కర్లేదు. బీపీ యంత్రంలో, రక్తపరీక్షలో, నడుముకు చుట్టే టేపులో, నిజాయితీగా చెప్పే జవాబులో కనిపిస్తాయి. ముందే చూసుకోవాలనుకునే మనిషి ముందు చూసుకోవలసింది వీటిని. తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, ఏ పరీక్ష కావాలో ఆయన్నే తేల్చనివ్వాలి. ముప్పు తక్కువగా ఉండి లక్షణాలేవీ లేనివాళ్లకు ఈసీజీతో గానీ టీఎంటీతో గానీ జల్లెడ పట్టవద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2018లో మళ్లీ చెప్పింది.

టీఎంటీ రిపోర్టులో నాకు ఎంతో విలువైనదిగా అనిపించే అంకె ఒకటుంది, దాన్ని ఎవరూ చూడరు. మెట్స్ అని ఒక మూల ఉంటుంది. మీరు ఎంత శ్రమను తట్టుకున్నారో చెప్పే లెక్క అది. 6,213 మంది పురుషులను గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో మెట్ పెరిగినకొద్దీ బతికే అవకాశం 12 శాతం మెరుగైంది. కాగితంలో నెగెటివ్ అన్న మాట చూసి మడత పెట్టే బదులు ఆ అంకె చూడండి. 40 ఏళ్ల మనిషి రెండో దశలోనే ఆగిపోతే, ఎస్‌టీ ఎంత చక్కగా ఉన్నా అది మంచి వార్త కాదు. ఆ అంకెను పెంచుకోవడం మీ చేతిలో, మీ కాళ్లలో ఉంది.

ఇక నన్ను ఈ వ్యాసం రాయించిన సంగతి. ఒక పొద్దున్న తండ్రిని వెంటబెట్టుకుని ఒక కుర్రవాడు వచ్చాడు. పెద్దాయన చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయి ఉంది. పిడికిలి ఛాతీకి ఆనించుకుని కూర్చున్నారు. రాత్రి నుంచి బరువుగా ఉందట, గ్యాస్ అనుకుని మాత్ర వేసుకున్నారట, సోడా తాగారట. ఎలాగూ చెకప్ కూపను ఉంది కదా అని పొద్దున్నే వచ్చేశారు.

“మేడమ్, ముందు టీఎంటీ చేసేయండి, గుండెదో గ్యాసో తేలిపోతుంది” అన్నాడు కొడుకు.

“బాబూ, నాన్నగారిని ఇప్పుడు ఒక్క అడుగు కూడా నడిపించకూడదు” అని, బల్ల మీద పడుకోబెట్టి ఈసీజీ తీశాను. కింది లీడ్లలో ఎస్‌టీ పైకి లేచి ఉంది, అది గుండెపోటు గుర్తు. డాక్టరు గారు చూసి ఆస్పిరిన్ నమిలించారు, అంబులెన్సు పిలిపించారు. డబ్బు కట్టిన పరీక్ష ఎందుకు చేయడం లేదని కొడుకు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. అతని తప్పు లేదు. గుండె పరీక్ష అంటే టీఎంటీ అని అతనికి నేర్పింది మా బోర్డులే. పెద్దాయనకు ఆ పూటే స్టెంటు వేశారని తర్వాత కోడలు ఫోను చేసి చెప్పింది.

గుండెపోటు వచ్చిన మొదటి రెండు రోజుల్లో ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదన్నది మాకు నేర్పే మొదటి నిషేధాల్లో ఒకటి. సరిగ్గా ఎంచుకున్నవాళ్లలో టీఎంటీ చాలా భద్రమైన పరీక్ష. 1971లో సుమారు 1,70,000 పరీక్షలను లెక్కగట్టినప్పుడు మరణాలు 10,000 పరీక్షలకు ఒకటి. ఆ భద్రత ఎంపికలోంచి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా వరసలో నిలబెట్టి ఎక్కిస్తే ఆ అంకెను మనం చెప్పుకోలేం.

విశ్రాంతిలో ఉన్నా తగ్గని ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, కొత్తగా వచ్చిన ఆయాసం ఉంటే డయాగ్నస్టిక్ సెంటరుకు రాకండి. 108కి ఫోను చేయండి, అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రోటీన్) చూడాలి. ఒక్క ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి పంపిస్తామంటే, మళ్లీ తీస్తారా అని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.

సెంటర్లు నడిపేవాళ్లను నేను అడిగేది చిన్న పని. బిల్లు వేయకముందు ఒక కాగితం నింపించండి. ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ ఉందా, ఇప్పుడు ఉందా, నడిస్తే వస్తోందా, షుగరు, బీపీ, పొగాకు ఉన్నాయా, ఇంట్లో చిన్న వయసులో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా, ఏ మందులు వాడుతున్నారు. ఆ కాగితం డాక్టరు చూశాకే ఏ పరీక్ష చేయాలో తేలాలి. ప్యాకేజీలోంచి టీఎంటీ తీసేసి, ఆ డబ్బుతో పావుగంట ఫిజీషియన్ సంప్రదింపు పెట్టండి. కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లకూ ఇదే నా విన్నపం. మా యాజమాన్యానికి ఈ కాగితం నమూనా రాసిచ్చాను. ఆలోచిస్తామన్నారు.

డాక్టరు చీటీతో టీఎంటీకి వచ్చేవాళ్లు రెండు మూడు గంటల ముందు తేలికగా తినండి, ఆ తర్వాత ఏమీ తినకండి. బూట్లు, వదులు బట్టలు తెచ్చుకోండి. ఆడవాళ్లు చుడీదార్‌తో వస్తే హాయి. మగవాళ్లకు ఛాతీ మీద వెంట్రుకలు కొన్నిచోట్ల గీయవలసి వస్తుంది, ఎలక్ట్రోడ్డు సరిగా అంటకపోతే గీత వణుకుతుంది. బీటా బ్లాకర్ వాడుతుంటే ఆపాలా వద్దా అని రాసిన డాక్టరునే అడగండి, మీ అంతట మీరు ఆపకండి. మందుల పేర్లు ఫోనులో ఫొటో తీసుకుని తెచ్చినా చాలు. నడుస్తుండగా ఛాతీలో ఏమాత్రం తేడా అనిపించినా ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి. ముందురోజు రాత్రి ఏమైనా అనిపించి ఉంటే ఎలక్ట్రోడ్లు అంటించకముందే చెప్పండి.